థియేటర్ నల్లా

జగిత్యాలలో నేను పనిచేసిన ఆసుపత్రిలో నాకు మంచి పేరు లేదు. నేను దాన్ని కోరుకోలేదు కూడా. నేను ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌ని. తలుపు ముందు నేల మీద ఒక ఎర్ర గీత ఉండేది. ఆ గీత దాటి అడుగు పెట్టినవాడు ఊరికి సర్పంచైనా సరే, నా నోటికి జడిసి వెనక్కి పోవలసిందే.

పేషెంటు ఒక్కరైతే వెంట పదిమంది దిగేవాళ్లు. సగం ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి అత్తలు, ఆడబిడ్డలు, పక్కింటివాళ్లు ఆటో నిండా వచ్చేవాళ్లు. ఒకసారి మేడిపల్లి నుంచి వచ్చిన ఒక ముసలామె, లోపల కోడలికి కాన్పు ఆపరేషన్ జరుగుతుంటే, చేతిలో ఫోన్ పట్టుకుని గీత దాటి నేరుగా థియేటర్ తలుపు తోసింది.

"నా కొడుకు దుబాయిల ఉన్నడు బిడ్డా. జర ఫోన్ల సూపియ్యి, ఆడికెళ్లి సూత్తడు," అంది.

"సూత్తడా? గా ఫోన్ మీద ఎంత మురికున్నదో ఎరికేనా నీకు? నీ కోడలు బతకాల్నా వద్దా?" అని ఆమె రెక్క పట్టుకుని బయటికి లాగాను. ఆమె గోడకు ఆనుకుని ఏడ్చింది. నాకు జాలి కలగలేదు. నా కోపమంతా మురికి మీదే అనుకునేదాన్ని, అందుకే మనుషుల్ని ఎంత మాట అన్నా తప్పుగా తోచేది కాదు.

నేను సిరిసిల్లలో సాంచల చప్పుడు మధ్య పెరిగాను. కరెంటుతో నడిచే మగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. దూది పొట్టు అన్నంలో పడేది, జుట్టులో పడేది, తాగే నీళ్లలో పడేది. అందుకే మా ఇంటి నల్లా మూతికి ఎప్పుడూ ఒక తెల్ల గుడ్డ కట్టి ఉండేది. మా వీధిలో ఏ ఇంటికి వెళ్లినా అంతే. నేసేవాళ్ల ఇళ్లలో దేనికి కొదవ ఉన్నా గుడ్డ పేలికకు ఉండదు. ఇసుక, తుప్పు, పొట్టు ఆ గుడ్డలో ఆగిపోయి బిందెలోకి తేట నీళ్లు పడేవి. బుద్ధి తెలిసినప్పటి నుంచి నా లెక్కలో తేటగా ఉన్న నీళ్లే మంచి నీళ్లు.

ఆసుపత్రి నీళ్లు బోరువి. మిద్దె మీద ట్యాంకు, అక్కడి నుంచి కిందికి పాత ఇనుప పైపు. థియేటర్ పక్కనే, ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు మోచేతుల దాకా చేతులు కడుక్కునే తొట్టి ఉంది. అక్కడ నల్లా తిప్పితే మొదట ఎర్ర నీళ్లు, ఆ వెనక ఇసుక. ఆసుపత్రి యజమానీ సర్జనూ ఒక్కరే, ఆయన్ని సారు అనేవాళ్లం. పైపు మార్పించమని సారుకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పెట్టింది. "అయితది సిస్టర్, జర ఎండకాలం పోనియ్యి," అనేవాడు. ఒక ఎండాకాలం పోయి ఇంకొకటి వచ్చింది. ఈలోగా రిసెప్షన్‌లో రంగురంగుల చేపల తొట్టి పెట్టించాడు. బోరు నీళ్లకు చేపలు చచ్చిపోతాయని వాటికి క్యాన్లలో నీళ్లు తెప్పించేవాడు. థియేటర్‌కు మాత్రం అదే పైపు. ఆ తొట్టి ముందు నుంచి నడిచినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

అయినా నీళ్లు ఎర్రగా ఉన్నంత కాలం మేం వాటిని నమ్మలేదు. కాచి, మూత పెట్టి చల్లార్చిన నీళ్లే డాక్టర్ల చేతుల మీద పోసేవాళ్లం. కడుపులోకి దూర్చే సన్నటి కెమెరా గొట్టాలు ఉంటాయి. వేడికి పాడవుతాయి కాబట్టి వాటిని మందులో నానబెట్టి, తర్వాత ఆ మందు పోయేలా కడగాలి. దానికీ కాచిన నీళ్లే వాడేవాళ్లం. పెద్ద చాకిరీ అది. తిట్టుకుంటూనే చేసేవాళ్లం.

ఆ రెండో ఎండాకాలం మొదట్లో మా తమ్ముడు వచ్చాడు. సిరిసిల్లలో సాంచలు వరసగా ఆగిపోతున్న రోజులవి. నేసిన బట్ట కొనేవాడు లేక షెడ్లకు తాళాలు పడ్డాయి. మా వీధిలో ఒకతను ఆగిపోయిన తన సాంచ పక్కనే ఉరి పోసుకున్నాడు. మిగిలినవాళ్లలో కొందరు మహారాష్ట్రలో సాంచలు నడిచే భివండికి బస్సెక్కారు, కొందరు గల్ఫ్ ఏజెంట్ల చుట్టూ తిరిగారు. తమ్ముడికి దుబాయి వీసా దొరికింది. ఆ కబురు చెప్పడానికి వస్తూ నాకొక మూట తెచ్చాడు. విప్పితే పలచని తెల్ల కాటన్ బట్ట.

"నా సాంచ మీద ఆఖరికి దిగిన బట్ట అక్కా. ఎవ్వలు కొంటలేరు. దవాఖాన్ల తుడుసుకునేతందుకన్న పనికస్తదని తెచ్చిన," అన్నాడు.

పోయేముందు, గుమ్మంలో నిలబడి, సిగ్గుపడుతూ ఇంకో మాట చెప్పాడు. గజ్జల్లో వాపు వస్తోందట, బరువు ఎత్తితే పెరుగుతోందట. నేను చూడకుండానే చెప్పాను అది హెర్నియా అని. గల్ఫ్‌కు పోయేవాళ్లకు ముందు మెడికల్ పరీక్ష ఉంటుంది. హెర్నియా కనబడితే అన్‌ఫిట్ అని రాస్తారు. వీసా గడువు మూడు నెలలు. ఆ లోపల ఆపరేషన్ చేయించుకుని, గాయం మాని, మెడికల్‌లో నెగ్గితేనే వాడు విమానం ఎక్కుతాడు.

"నేనున్న గదరా, ఎందుకు బుగులు పడుతవ్? మా సారు చేతుల మీద చేపిస్త. పది దినాలల్ల లేచి తిరుగుతవ్," అన్నాను. సారుతో మాట్లాడి మూడు వారాల తర్వాతకు ఆపరేషన్ పెట్టించాను.

మర్నాడు పొద్దున వాడు తెచ్చిన బట్టలోంచి ఒక ముక్క చింపాను. సబ్బుతో ఉతికి, థియేటర్ సామాను ఉడికించే యంత్రంలో పెట్టి తీశాను. నాలుగు మడతలు వేసి, తొట్టి దగ్గరి నల్లా మూతికి గట్టిగా కట్టాను. తిప్పితే నీళ్లు అద్దంలా దిగాయి. అంత చిన్న ఉపాయం ఇన్నాళ్లూ తట్టలేదేమిటని నన్ను నేనే మెచ్చుకున్నాను. సారు చేతులు కడుక్కుంటూ, "సిరిసిల్ల తెలివి అంటే గిదే. ఇంత తేటగ అస్తున్నయి, ఇంకా కాచుడెందుకు సిస్టర్?" అన్నాడు. నీళ్లు కాచే డ్రమ్మును నేనే స్టోర్ గదిలోకి దొర్లించి పెట్టాను. కెమెరా గొట్టాలు కూడా ఆ రోజు నుంచి ఆ నల్లా కిందే కడిగాం.

మొదటి వారం గుడ్డ రోజూ మార్చాను. ఆ తర్వాత నాలుగు రోజులకోసారి. ఆ తర్వాత గుర్తొచ్చినప్పుడు.

థియేటర్ ఊడ్చి తుడవడానికి ఒక ఆయమ్మ ఉండేది. యాభై దాటిన మనిషి. కోరుట్ల నుంచి రోజూ బస్సులో వచ్చేది. మొగుడు ఏనాడో మస్కట్ పోయి కబురు లేకుండా పోయాడు. బీడీలు చుట్టీ చుట్టీ నడుము పడిపోయి, ఈ పనికి వచ్చింది. నెమ్మదిగా మాట్లాడేది. ఆ నెమ్మది చూస్తేనే నాకు చిరాకు. ఒకరోజు తొట్టి కడుగుతూ ఆగి నన్ను పిలిచింది.

"సిస్టరమ్మా, గీ నల్లా గుడ్డ ముక్క వాసన అస్తంది. జారుగ గూడ అయింది. ఇప్పి ఎండల ఎయ్యనా?"

"నీ చీపురు నువ్వు సూస్కో. థియేటర్ల ఏది ఇప్పాల్నో ఏది కట్టాల్నో నాకు నువ్వు చెప్తవా?" అన్నాను. ఆమె తల దించుకుని బకెట్ పట్టుకుని పోయింది. సగం చదివిన నర్సు పిల్లలిద్దరు కిసుక్కున నవ్వారు. నాకు అది గొప్పగా అనిపించింది.

తమ్ముడి ఆపరేషన్ అనుకున్న రోజునే జరిగింది. పొట్ట మీద మూడు చిన్న కంతలు చేసి, కెమెరా గొట్టంతో చూస్తూ, లోపల వల లాంటి ముక్క ఒకటి పెట్టారు. సామానంతా నేనే కడిగి నేనే అందించాను. రెండో రోజు వాడు లేచి నడిచాడు. వాడి భార్య, మా మరదలు, నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఈ ఊళ్లో ఇంత శుభ్రంగా చేసే థియేటర్ ఇంకొకటి లేదని చెప్పి వాళ్లను బస్సెక్కించాను.

పన్నెండో రోజు వాళ్లు మళ్లీ వచ్చారు. ఒక కంత చుట్టూ ఎర్రగా, గట్టిగా ఉంది. వేలితో నొక్కితే పచ్చటి చీము వచ్చింది, ఒక రకమైన వాసనతో. గాయం చుట్టూ చర్మం మీద పసుపు మరక కనబడింది. అంతే, నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"పసుపు పెట్టినవా పిల్లా?" అన్నాను మరదలితో.

"సుట్టు జరంత పెట్టిన వదినె. మా అవ్వ చెప్పింది," అంది.

"మీ అవ్వ డాక్టరా? నేను ఇంత సుభ్రంగ చేపిచ్చి పంపితే నీ మురికి చేతులతోని పసుపు పూస్తవా? నీ మొగని దుబాయి బుగ్గి చేసినవ్!" వార్డు వార్డంతా వినేలా అరిచాను. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చుని చూశారు. మరదలు కొంగుతో మొహం కప్పుకుంది. తమ్ముడు ఆమె వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నేను గమనించాను. గమనించి, బాగా అయిందనుకున్నాను.

అదే వారంలో మల్లాపూర్ నుంచి ఒకామె, వెల్గటూర్ నుంచి ఇంకొకామె, ఇద్దరూ మా దగ్గరే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, అదే పచ్చ చీముతో వచ్చారు. వాళ్లు పసుపు పెట్టలేదు. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. ఇంట్లోవాళ్ల తప్పు కాకపోతే థియేటర్‌లో ఎవరిదో తప్పు, థియేటర్‌లో తప్పు చేసేది ఆయమ్మ తప్ప ఇంకెవరు? ఫినాయిల్ వెయ్యకుండా ఉత్త నీళ్లతో తుడుస్తోందని సారుకు చెప్పాను. నేను కళ్లతో చూసింది కాదు, చెప్పాను. సారుకు కూడా ఎవరో ఒకరి పేరు కావాలి. ఆ సాయంత్రమే ఆమెను రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె తన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, నా వైపు ఒకసారి చూసి, బస్టాండ్ వైపు నడిచిపోయింది.

ఆయమ్మ పోయాక కూడా చీము ఆగలేదు. ఇక భయం పట్టి సారు థియేటర్ మూయించి, ల్యాబ్ నుంచి ఒకాయన్ని పిలిపించాడు. ఆయన సన్నటి పుల్లలకు దూది చుట్టి టేబుల్, లైట్లు, ఏసీ, మా చేతులు అన్నీ రుద్ది సీసాల్లో పెట్టుకున్నాడు. నేను ఛాతీ విరుచుకుని వెంట తిరిగాను. ఎక్కడ కావాలంటే అక్కడ చూసుకో అన్నట్టు. తొట్టి దగ్గర ఆగాడు. నల్లా గుడ్డ ముడి విప్పాడు. లోపలి మడత నల్లగా, చేప ఒంటిలా జారుగా ఉంది. వాసన గుప్పుమంది.

"గిది ఎవలు కట్టిన్రు?" అని అడిగాడు.

సారు నా వైపు చూశాడు. ఆయనకు తెలుసు, సిరిసిల్ల తెలివి అని మెచ్చుకున్నది ఆయనే. అయినా నోరు విప్పలేదు. నేను విప్పాను.

"ఆయమ్మ కట్టింది గావచ్చు సార్. మొన్ననే తీసేసినం ఆమెను," అన్నాను.

నాలుగు రోజులకు ఫలితం వచ్చింది. గాయాల్లో ఉన్న క్రిమే గుడ్డలోనూ ఉంది, గొట్టాల మీదా ఉంది. ల్యాబాయన నెమ్మదిగా వివరించాడు. "ఇది మనుషుల నుంచి అచ్చే పురుగు గాదమ్మా, నీళ్లల్ల బతికేది. తడిగుడ్డ దొరికితె దానికి ఇల్లు దొరికినట్టే. నీళ్లు ఎర్రగున్నప్పుడు మీరు కాచిన్రు, అప్పుడు ఏం గాలే. తేటగ కనవడంగనే కాచుడు బంద్ చేసిన్రు." ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఎదురు తిట్టి బయటపడేదాన్ని.

తమ్ముడికి రెండోసారి కోసి, లోపల పెట్టిన వల తీసెయ్యవలసి వచ్చింది. గాయం తెరిచే ఉంచి రోజూ కట్టు మార్చారు. మానకముందే మెడికల్ తేదీ వచ్చింది. కట్టు మీద చొక్కా వేసుకుని వెళ్లాడు. అక్కడ చొక్కా విప్పించారు. అన్‌ఫిట్. వీసా గడువు దాటిపోయింది. మా వీధి నుంచి ఇంకొకతను వెళ్లాడు, సౌదీలో క్షేమంగా దిగినట్టు ఫోటో పంపాడు. తమ్ముడు ఆ ఫోటో నాకు పంపించాడు, కింద ఒక్క ముక్క రాయకుండా.

నాకు అన్నం సహించలేదు. ఒక ఆదివారం కోరుట్ల వెళ్లి ఆయమ్మ ఇల్లు వెతుక్కున్నాను. గుమ్మంలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి చేతులు ఆపలేదు. గుడ్డ నేను కట్టానని, ఆమె పేరు చెప్పానని, తప్పయిందని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

"గది నాకు ఎరుకనే గదా," అంది. "వాసనస్తందని నేనే చెప్పిన. గీడికచ్చి నాకు చెప్తె నాకేం లాభం సిస్టరమ్మా? నా పేరు ఎవలకు చెప్పినవో ఆళ్లకు పోయి చెప్పు."

సారుకు చెప్పాను. ఆయన పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. "అయిపోయిందాన్ని ఎందుకు కెలుకుతున్నవ్? పైపు మార్పిస్తున్న, ఫిల్టర్ పెట్టిస్తున్న. బయట ఎక్కడ అనకు," అన్నాడు. ఆయమ్మను మళ్లీ పిలవమని అడిగాను. కొత్తామె వచ్చిందిగా అన్నాడు. నెల తిరక్కుండా ఆ ఉద్యోగం మానేశాను. నా నిజాయితీ అని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల పొరపాటు, ఆ చేపల తొట్టి ముందు నుంచి రోజూ నడవడం నా వల్ల కాలేదు, అంతే.

మిగిలింది సిరిసిల్ల. తమ్ముడు భివండి పోతున్నాడని, అక్కడ ఎవరి సాంచల మీదో పని దొరికిందని తెలిసి, వాడు బయలుదేరే ముందు రోజు పొద్దున వెళ్లాను. వాడు ముందు గదిలో బ్యాగు సర్దుకుంటున్నాడు. మరదలు వాకిట్లో నల్లా దగ్గర గిన్నెలు తోముతోంది. ఆ నల్లా మూతికి తెల్ల గుడ్డ కట్టి ఉంది. నా కళ్లు అక్కడి నుంచి కదల్లేదు.

కూర్చోకుండానే మొదలుపెట్టాను. నల్లా, గుడ్డ, కాచే డ్రమ్ము, కెమెరా గొట్టాలు, అన్నీ చెప్పాను. తమ్ముడు బ్యాగు జిప్పు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

"గా గుడ్డ నేను తెచ్చిందేనా అక్కా?"

"అవ్."

నన్ను తిడతాడని చూశాను. తిట్టాలని కోరుకున్నాను. వాడు వాకిలి వైపు చూశాడు.

"నువ్వు పసుపన్నవ్," అన్నాడు. "గా దవాఖాన్ల అందరి ముంగట అన్నవ్. నేను నిజమనుకున్న. గా దినం సంది నేను దానితోని మాట్లాడలే అక్కా. అన్నం పెడితే తిన్న, గంతే. మాట్లాడలే."

గిన్నెల చప్పుడు ఆగింది. మరదలు అంతా విన్నది. లేచి చేతులు కడుక్కుంది. నల్లా గుడ్డ ముడి విప్పి, పిండి, దులిపి, దండెం మీద ఎండలో ఆరేసింది. దండెం మీద నిన్నటి గుడ్డ ఎండి గరగరలాడుతోంది. అది తీసి నల్లాకు కట్టింది. మా అమ్మ కూడా రోజూ పొద్దున అట్లాగే చేసేది. నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"నేను దినాం మారుస్త వదినె," అంది, నా వైపు తిరగకుండా.

తమ్ముడు మర్నాడు భివండి వెళ్లిపోయాడు. పోయేముందు ఆమెతో మాట్లాడాడో లేదో నేను ఇప్పటికీ అడగలేదు.